కేంద్రము లేని జాలము - బ్రౌజరులో దానికొక ద్వారము

2024 జులై 21, ఆదివారము రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు లేచి రెవెన్యూ దస్త్రములు కాలిపోయినవి. మంటలకు కారణము తేల్చవలసినవారు విచారణాధికారులు. విజ్ఞానశాస్త్రము చదివేవారికి మాత్రము ఆ సంఘటనలో మరి రెండు ప్రశ్నలు కనబడతాయి. ఒక కాగితము ఒకే బీరువాలో ఉన్నంతవరకు దాని ఆయువు ఆ బీరువా ఆయువే గదా! దాని నకలు మరెక్కడైనా ఉన్నదా అన్నది మొదటి ప్రశ్న. ఎవరైనా ఒక నకలు తెచ్చి చూపితే, అది అసలుకు సరియైన నకలే అని ఎట్లా నమ్మడము అన్నది రెండవ ప్రశ్న.

కాగితములు కంప్యూటర్లలోకి ఎక్కిన తరువాత ఈ చిక్కులు తీరిపోయినవని చాలామంది అనుకుంటారు. పూర్తిగా తీరలేదు. లక్షలాది మంది సొంత పుటలు రాసుకొన్న జియోసిటీస్ అనే చోటును దాని యజమాని అయిన యాహూ కంపెనీ 2009లో మూసివేసినది. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రము 2024లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2013 నాటి అంతర్జాల పుటలలో నూటికి 38 పుటలు పదేళ్లు తిరిగేసరికి దొరకకుండా పోయినవి. వాటికి నిప్పు అంటుకోలేదు. వాటిని ఉంచిన యంత్రము ఆగిపోయి ఉండవచ్చును. అద్దె చెల్లించేవారు లేకపోయి ఉండవచ్చును. లేదా పుటకున్న విలాసము మారి ఉండవచ్చును.

ఈ లోపమును సరిచేయడానికి జరుగుతున్న ప్రయత్నములలో కేంద్రము లేని జాలము ఒకటి. అందులో పుటలను ఇచ్చే యంత్రము, పుచ్చుకొనే యంత్రము అనే భేదము లేదు. ప్రతి కంప్యూటరూ తన దగ్గర ఉన్నది తోటి కంప్యూటర్లకు ఇస్తుంది. లేనిది వాటినుండి తెచ్చుకొంటుంది. ఇటువంటి జాలములోకి మామూలు బ్రౌజరు నుండి ప్రవేశించడానికి ఎక్స్‌టెన్షన్ అనే చిన్న ఉపాంగము ఒకటి ఉపయోగపడుతుంది. అది ఎట్లా పనిచేస్తుందో తెలియాలంటే మొదట పేర్ల సంగతి తెలుసుకోవాలి.

చోటును బట్టి పేరు

తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ పద్ధతిని ప్రవేశపెట్టినది. 517325 అంటే మదనపల్లె, 517247 అంటే పుంగనూరు, 517425 అంటే కుప్పము. ఈ అంకెలు ఉత్తరము ఎక్కడికి పోవాలో చెబుతాయి గాని, ఉత్తరములో ఏమున్నదో చెప్పవు.

1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్ కూడా ఇదే దారిలో నడుస్తుంది. వెబ్ విలాసములో ముందు ఒక యంత్రము పేరు, ఆ తరువాత ఆ యంత్రములోని అర పేరు ఉంటాయి. బ్రౌజరు ఆ యంత్రము దగ్గరకు పోయి, ఆ అరలో ఏమి ఉంటే అది తెస్తుంది. యంత్రము ఆగితే వట్టి చేతులతో తిరిగి వస్తుంది. అరలోని పుటను ఎవరైనా మార్చి ఉంటే, మారిన పుటనే తెస్తుంది. మారినదన్న సంగతి దానికి తెలియదు. అదే పుట పక్క గదిలోని కంప్యూటరులో ఉన్నప్పటికీ దూరాన ఉన్న యంత్రము దగ్గరకే పరుగెత్తుతుంది. ఈ మూడు లోపములకూ మూలము ఒక్కటే. మనకు కావలసినది ఒక వస్తువు. అడుగుతున్నది ఒక చోటు.

వస్తువును బట్టి పేరు

పుంగనూరు ఆవును తీసుకొందాము. ఎత్తు సుమారు 70 నుండి 90 సెంటీమీటర్లు మాత్రమే ఉండే ఈ పొట్టి జాతికి ఊరి పేరే పేరయినది. అయినా, ఆ ఆవు కుప్పములో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా పుంగనూరు ఆవే. దానిని గుర్తుపట్టేది లక్షణములను బట్టి గాని, అది కట్టివేసి ఉన్న కొట్టమును బట్టి కాదు. ఒకప్పుడు ఈ జాతి అంతరించే స్థితికి వచ్చినది. పలమనేరులోని పశుపరిశోధన స్థానము దానిని కాపాడుతూ వచ్చినది. ఇప్పుడు అనేకుల ఇళ్లలో పెరుగుతున్నది. ఒక్క చోట ఉన్న జాతికంటె పలుచోట్ల ఉన్న జాతికి అపాయము తక్కువ.

కేంద్రము లేని జాలములో ప్రతి వస్తువుకూ ఇటువంటి లక్షణమును బట్టి వచ్చే పేరు పెడతారు. అయితే కంప్యూటరుకు లక్షణము అంటే ఒక సంఖ్య.

సంఖ్యారూపమైన వేలిముద్ర

తరగతిలో నల్లబల్లమీద చేయదగిన ఒక ప్రయోగము చూడండి. 4729 అనే సంఖ్యను ఒక సందేశము అనుకొందాము. అంకెలు కూడితే 22 వస్తుంది. కాని 7429 అని తారుమారు చేసినా 22 వస్తుంది, మార్పు బయటపడలేదు. ఇప్పుడు మొదటి అంకెను 1తో, రెండవదానిని 2తో, మూడవదానిని 3తో, నాల్గవదానిని 4తో హెచ్చవేసి కూడండి. 4729కి 4, 14, 6, 36 కలిసి 60 అవుతుంది. 7429కి 7, 8, 6, 36 కలిసి 57 అవుతుంది. తారుమారు పట్టుబడినది. అయినా ఈ పద్ధతి కూడా చాలదు. 6629 అనే సంఖ్యకు 6, 12, 6, 36 కలిసి మళ్లీ 60 వస్తుంది. మోసము చేయదలచినవానికి ఇటువంటి సంఖ్యను వెదకడము కష్టము కాదు.

అందువలన ఎవ్వరూ వెదకి పట్టలేనంత బలమైన పద్ధతి కావలసి వచ్చినది. షా-256 అనే పద్ధతి అటువంటిది. అమెరికా ప్రమాణముల సంస్థ దీనిని 2002లో ప్రమాణముగా ప్రకటించినది. ఒక వాక్యమైనా, పెద్ద గ్రంథమైనా, చలనచిత్రమైనా దీనిలో వేస్తే 256 ద్విసంఖ్యాంకముల ముద్ర ఒకటి వస్తుంది. గ్రంథములో ఒక్క కామా మారినా ముద్ర పూర్తిగా మారిపోతుంది. సాధ్యమైన ముద్రల సంఖ్య 2ను 256 మారులు వేసి హెచ్చవేసినంత. దానిని దశాంశ పద్ధతిలో రాస్తే 78 అంకెలు పడతాయి. ఒకే ముద్ర వచ్చే రెండు వేర్వేరు వస్తువులను ఇంతవరకు ఎవరూ చూపలేదు.

ఈ ముద్రకు ముందు కొన్ని సూచనాక్షరములు చేర్చి వస్తువుకు పేరుగా వాడతారు. ఆంగ్లములో దానిని సి.ఐ.డి. అంటారు, ఇక్కడ విషయముద్ర అందాము. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపములో అది 59 అక్షరముల పొడవు ఉంటుంది. చదవడానికి ఇంపుగా ఉండదు. కాని మొదట వేసిన రెండవ ప్రశ్నకు సమాధానము అందులోనే ఉన్నది. నకలు ఎవరి చేతినుండి వచ్చినా సరే, దాని ముద్రను మళ్లీ లెక్కించి విషయముద్రతో పోల్చవచ్చును. సరిపోతే అది మనము అడిగినదే. ఇచ్చినవాడు నమ్మదగినవాడా కాదా అన్న విచారణ అవసరము లేదు.

ముక్కలు, జాబితాలు

ఈ పద్ధతిమీద నడిచే వ్యవస్థలలో ప్రసిద్ధమైనది ఇంటర్‌ప్లానెటరీ ఫైల్ సిస్టమ్; సంక్షిప్తముగా ఐ.పి.ఎఫ్.ఎస్. హువాన్ బెనెట్ 2014లో దీనిని ప్రతిపాదించినాడు. ఇందులో పెద్ద వస్తువును చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కొక్క ముక్క 256 కిలోబైట్లు అనుకొంటే, 60 మెగాబైట్ల పాఠ్యగ్రంథము 240 ముక్కలు అవుతుంది. ప్రతి ముక్కకూ ముద్ర వేస్తారు. ముద్రలన్నిటినీ ఒక జాబితాగా రాసి, ఆ జాబితాకు మళ్లీ ముద్ర వేస్తారు. ముక్కలు మరీ ఎక్కువైతే జాబితాలకు జాబితా ఉంటుంది. అన్నిటికీ పైనున్న ముద్రే గ్రంథము పేరు. ఈ చెట్టువంటి అమరికను రాల్ఫ్ మెర్కిల్ 1979లో రూపొందించినాడు.

దీని ప్రయోజనము గొప్పది. 10 ముక్కలు ఒకరినుండి, 20 ముక్కలు మరొకరినుండి తెచ్చుకొని కలుపుకోవచ్చును. ఒక ముక్క చెడిపోయి వస్తే ఆ ఒక్కదానినే పారవేసి మరొక చోటునుండి తెచ్చుకోవచ్చును.

ఎవరి దగ్గర ఉన్నది?

పేరులో చోటు లేనప్పుడు వస్తువును ఎక్కడ వెదకాలి? అందరి సమాచారమూ ఉన్న పెద్ద జాబితా ఒకటి ఒకచోట పెడితే, అదే మళ్లీ కేంద్రము అవుతుంది. అందుచేత జాబితానే చీల్చి అందరికీ పంచినారు. 2002లో పీటర్ మేముంకోవ్, డేవిడ్ మజియెరెస్ ప్రకటించిన కడెమ్లియా అనే పద్ధతి దీనికి ఆధారము.

ప్రతి కంప్యూటరుకూ ఒక సంఖ్య ఉంటుంది. రెండు సంఖ్యల మధ్య దూరమును కొలవడానికి ఒక వింత కొలబద్ద వాడతారు: రెండిటిలో ఒకేలాగున్న అంకెల చోట 0, తేడాగా ఉన్న చోట 1 రాస్తారు. ఉదాహరణకు వస్తువు సంఖ్య 1011 అనుకొందాము. మనకు తెలిసిన కంప్యూటర్లు 0010, 1100, 1001. వస్తువుకు వాటి దూరములు వరుసగా 1001, 0111, 0010; అనగా 9, 7, 2. కాబట్టి 1001 సంఖ్య గల కంప్యూటరును అడగాలి. దానికి తెలియకపోతే, వస్తువుకు ఇంకా దగ్గరి కంప్యూటరును చూపుతుంది. ఒక్కొక్క అడుగులో దూరము కనీసము సగమవుతుందనుకొంటే, 10 లక్షల కంప్యూటర్లలో వెదకడానికి సుమారు 20 అడుగులు చాలును. తెలియని ఊరిలో ఇల్లు వెదకేవాడు వీధి వీధికీ అడిగి దగ్గరపడినట్లే ఇది కూడా.

వస్తువు తన దగ్గర ఉన్న కంప్యూటరు ఆ సంగతిని ఒక చీటీగా రాసి, వస్తువు సంఖ్యకు దగ్గరగా ఉన్న 20 కంప్యూటర్ల దగ్గర ఉంచుతుంది. ఆ చీటీ ఆయువు 48 గంటలు. అందువలన 22 గంటలకొకసారి కొత్త చీటీ రాస్తూ ఉంటుంది. యంత్రము ఆగిపోయినవారి చీటీలు రెండు రోజులలో వాటంతట అవే చెల్లిపోతాయి.

ఉపాంగము చేసే పని

ఇంత యంత్రాంగము ఉన్నా, మామూలు బ్రౌజరుకు దీని భాష తెలియదు. అది చోటును బట్టి నడిచే పాత భాషనే మాట్లాడుతుంది. బ్రేవ్ అనే బ్రౌజరు 2021లో ఈ భాషను తనలో చేర్చుకొన్నది గాని, 2024లో తొలగించినది. కాబట్టి దుబాసీ ఒకడు కావాలి. ఐ.పి.ఎఫ్.ఎస్. కంపానియన్ అనే ఉపాంగము ఆ పని చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ వంటి బ్రౌజర్లకు దీనిని తగిలించుకోవచ్చును.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయము ఒకటి ఉన్నది. ఉపాంగము తలుపు మాత్రమే, ఇల్లు కాదు. ముక్కలు తెచ్చేది, ముద్రలు సరిచూచేది, ఇతరులకు ఇచ్చేది నోడు అనే వేరొక ప్రోగ్రాము. ఐ.పి.ఎఫ్.ఎస్. డెస్క్‌టాప్ అనే పేరుతో దొరికే ప్రోగ్రామును కంప్యూటరులో ఉంచితే నోడు అందులోనే వస్తుంది. అది నడుస్తున్నప్పుడు ఉపాంగము గుర్తుమీద ఒక సంఖ్య కనబడుతుంది. ఆ క్షణములో ఎన్ని తోటి కంప్యూటర్లతో సంబంధమున్నదో అది చెబుతుంది.

పాఠకుడు ఒక విషయముద్ర ఉన్న లంకెను నొక్కినాడనుకొందాము. ఉపాంగము ఆ విలాసములోని విషయముద్రను గుర్తించి, దూరపు యంత్రమునకు పోబోయే కోరికను అదే కంప్యూటరులోని నోడుకు మళ్లిస్తుంది. నోడు తన దగ్గర ఆ వస్తువు ఉన్నదేమో చూస్తుంది. లేకపోతే తనతో సంబంధమున్న కంప్యూటర్లను అడుగుతుంది. అక్కడా లేకపోతే పైన చెప్పిన విధముగా చీటీలు వెదకుతుంది. వచ్చిన ప్రతి ముక్కనూ సరిచూచి, కలిపి, మామూలు పుటగా బ్రౌజరుకు అందిస్తుంది. చూచేవారికి మామూలు పుటకూ దీనికీ తేడా కనబడదు.

నోడు లేనివారు ప్రజాద్వారము అనే పద్ధతిలో కూడా చూడవచ్చును. ఏదో ఒక సంస్థ నడిపే యంత్రము వారి తరఫున వస్తువును తెచ్చి ఇస్తుంది. ఇది సులభమేగాని, అప్పుడు ముద్రను సరిచూచేది ఆ సంస్థ యంత్రమే. దాని మాట నమ్మవలసి వస్తుంది. అది ఆగితే దారి మూసుకొంటుంది. కేంద్రము వద్దనుకొన్న చోట మళ్లీ ఒక కేంద్రము వచ్చి కూర్చున్నట్లే.

మూడు ఊళ్ల మధ్య

ఇప్పుడు ఈ అంగములన్నీ కలిసి పనిచేసే తీరును చూద్దాము. తెలుగు, తమిళము, కన్నడము కలిసే సరిహద్దు ప్రాంతము కుప్పము. హ్యూలెట్ పాకార్డ్ కంపెనీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి 2002లో అక్కడ ఐ-కమ్యూనిటీ అనే పథకము ప్రారంభించి గ్రామములలో సమాచార కేంద్రములు తెరిచినవి. పల్లెవారు సమాచారమును పుచ్చుకోవడమే కాక, తామే తయారుచేసి ఇవ్వగలరన్న ఆలోచన ఆ ప్రాంతమునకు కొత్త కాదు.

కుప్పములోని ఒక ఉపాధ్యాయుడు ఆ చుట్టుపట్ల వృద్ధులు పాడే పాటలను ధ్వనిముద్రణ చేసినాడని ఊహించండి. 60 మెగాబైట్ల ఆ ఫైలును ఉపాంగము ద్వారా తన నోడులో చేర్చినాడు. విషయముద్ర వచ్చినది. దానిని పుంగనూరులోని మిత్రుడికి పంపినాడు. పుంగనూరు మిత్రుడు లంకె నొక్కగానే 240 ముక్కలు కుప్పము నుండి వచ్చినవి. అతడు విని ఊరుకోకుండా, ఆ ఫైలును పిన్ చేసినాడు. అనగా, చోటు చాలనప్పుడు నోడు ఏవి చెరిపివేసినా దీనిని మాత్రము చెరపరాదని ఆజ్ఞ ఇచ్చినాడు.

కొంతకాలమునకు కుప్పములోని కంప్యూటరు పిడుగుపాటుకు చెడిపోయినది. ఆ మరునాడే మదనపల్లెలోని ఒక విద్యార్థిని అదే విషయముద్రను తెరిచినది. చీటీలలో రెండు పేర్లు కనబడినవి. కుప్పము తలుపు తట్టితే పలుకు లేదు. పుంగనూరు పలికినది. ముక్కలు వచ్చినవి, ముద్రలు సరిపోయినవి. పుంగనూరు మనిషి ఎవరో ఆమెకు తెలియదు. అయినా, కుప్పములో చేర్చిన ఫైలే, ఒక్క అక్షరము మారకుండా తనకు అందినదని ఆమె నిశ్చయముగా చెప్పగలదు.

ఆమె చదివే పాఠశాలలో 30 కంప్యూటర్లు ఉన్నవనుకొందాము. పాత పద్ధతిలో అందరూ ఆ ఫైలును తెచ్చుకొంటే 1,800 మెగాబైట్లు బయటినుండి రావాలి. కంప్యూటర్లన్నిటిలోనూ నోడులు ఉండి, గదిలోని తంతులు వాటిని కలుపుతుంటే, ఒకటి 60 మెగాబైట్లు తెచ్చిన తరువాత మిగిలినవి దానినుండి తీసుకోగలవు. ఒకే గదిలోని నోడులు బయటి సంబంధము లేకున్నా ఒకదానినొకటి గుర్తుపట్టగలవు. కనుక అంతర్జాలము తెగిన రోజున కూడా అప్పటికే గదిలోకి వచ్చిన వస్తువులు దొరుకుతాయి.

పెద్ద ఎత్తున కూడా ఇటువంటి ప్రయత్నము జరిగినది. 2017 ఏప్రిల్ 29న టర్కీ ప్రభుత్వము వికీపీడియాను అడ్డుకొన్నది. అప్పుడు ఐ.పి.ఎఫ్.ఎస్. నిర్మాతలు టర్కీ భాషలోని వికీపీడియా ప్రతిని ఈ జాలములో ఉంచినారు. ఆ అడ్డు 2020 జనవరి 15న తొలగినది.

తెలిసి ఉండవలసిన పరిమితులు

ఈ జాలములో చేర్చిన వస్తువు శాశ్వతముగా ఉంటుందని కొందరు చెబుతారు. అది నిజము కాదు. ఎవరూ పిన్ చేయని వస్తువు, చివరి నోడు ఆగిన రోజున పోతుంది. పేరు మిగులుతుంది గాని వస్తువు దొరకదు. పై కథలో పుంగనూరు మిత్రుడు పిన్ చేయకపోతే విద్యార్థినికి పాట వినబడి ఉండకపోవచ్చును.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉన్నది. ఇతరులు దాచుకొన్న ప్రతిని మొదట చేర్చినవాడు చెరపలేడు. కాబట్టి విద్యార్థుల మార్కులు, ఆధార్ సంఖ్యలు, ఇంటివారి ఛాయాచిత్రములు ఇందులో చేర్చరాదు. ఏ కంప్యూటరు ఏ వస్తువును అడుగుతున్నదో ఇతర కంప్యూటర్లకు తెలిసే అవకాశము కూడా ఉన్నది. రహస్యముగా చదువుకోవడానికి ఇది సాధనము కాదు.

గ్రంథమును సవరిస్తే విషయముద్ర మారుతుంది. అదే ఫైలును వేరే పరిమాణము గల ముక్కలుగా కోసినా మారుతుంది. సవరణలు తరచుగా జరిగే వాటికి మారని పేరు ఒకటి ఇచ్చి, తాజా విషయముద్రను దానికి జతచేసే ఏర్పాటు వేరుగా ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి. ముద్ర సరిపోయినదంటే, అడిగిన వస్తువే వచ్చినదని అర్థము. అందులో ఉన్నదంతా సత్యమని కాదు. తప్పుడు పత్రమునకు కూడా చక్కని ముద్ర వస్తుంది. పత్రము రాసినవాడు ఎవరు, అతనికి అధికారమున్నదా అన్నది మనుషులు, సంస్థలు తేల్చవలసినదే.

మొదట వేసిన రెండు ప్రశ్నలలో నకలు సరియైనదా అన్నదానికి గణితము సమాధానము చెప్పినది. నకలు మరెక్కడైనా ఉన్నదా అన్నదానికి గణితము సమాధానము చెప్పలేదు. వెదకే దారి మాత్రమే చూపగలదు. దాచినవాడు ఒకడు ఉంటేనే ఆ దారి ఎక్కడికైనా చేరుతుంది. ఒక పాఠశాల తన ఊరి చరిత్రను, పాటలను, పాఠములను చేర్చి, పక్క ఊరి పాఠశాల వాటిని పిన్ చేసి, దాని సామగ్రిని ఇది పిన్ చేస్తే, రెండు కంప్యూటర్ల ఖర్చుతో రెండు ఊళ్ల విజ్ఞానమూ భద్రమవుతుంది. ఉపాంగము తలుపు తెరుస్తుంది. లోపల దీపము ఉంచవలసినది ఇరుగు పొరుగువారే.